హైవే పక్కన తెల్ల సైకిల్ పెట్టాలంటే

అడిగిన ప్రశ్న: "మా చిన్నాన్న తెల్లవారుజామున సైకిల్ మీద పనికి వెళ్తుంటే గిరిసోల, గోళంతరా మధ్య హైవే మీద లారీ గుద్ది చనిపోయారు. మూడు నెలలైంది. వేరే దేశాల్లో మనిషి పోయిన చోట తెల్ల సైకిల్ పెడతారని చూశాం. మేమూ పెట్టాలనుకుంటున్నాం. పర్మిషన్ కావాలా? ఎక్కడ పెట్టాలి? దానివల్ల నిజంగా ఎవరైనా మారతారా? మా చిన్నమ్మకు మాత్రం ఇష్టం లేదు."

అమ్మా, మీ చిన్నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. ముప్పై ఏళ్ళు రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో జూనియర్ ఇంజనీరుగా చేసి బరంపురంలోనే రిటైరయ్యాను. ఇచ్ఛాపురం దాటి గిరిసోల దగ్గర ఒడిశాలోకి వచ్చే ఆ రోడ్డు, దాన్ని ఎన్‌హెచ్ 5 అని పిలిచే రోజుల నుంచీ నాకు తెలుసు. రిటైరయ్యాక ఈ గంజాం జిల్లాలో మూడు చోట్ల తెల్ల సైకిళ్ళు పెట్టడానికి నేనూ ఒక చేయి వేశాను. ఒకటి నెల తిరక్కుండా మాయమైంది. ఒకటి మేమే తీసేశాం. మూడోది ఇంకా ఉంది. ఆ మూడూ నేర్పిందే ఇక్కడ రాస్తున్నాను.

సైకిల్ సంగతికి ముందు ఒక మాట. మూడు నెలలైందన్నారు కాబట్టి ఇది ఆగదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసే క్లెయిమ్, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలి. 2019 సవరణలో పెట్టిన ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. "సైకిల్‌కి ఇన్సూరెన్స్ ఎక్కడిది, లైసెన్సు ఎక్కడిది, మనకేం వస్తుందిలే" అని ఊరుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను. లారీకి కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నదే రోడ్డు మీద పోయే ఇలాంటి మనిషి కోసం. సైకిల్‌కి ఏ కాగితమూ అక్కర్లేదు. గుద్దిన బండి ఆచూకీ దొరక్కపోయినా దారి ఉంది: 2022 నాటి హిట్ అండ్ రన్ పథకం కింద చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు ఇస్తారు. దరఖాస్తు సబ్ కలెక్టర్ ఆఫీసులోనో తహసీల్దారు ఆఫీసులోనో అడగండి. పోలీసులు ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక తయారుచేయాలి. మీకు ఆ 90 రోజులూ ఇప్పుడే నిండుతున్నాయి. స్టేషన్‌కి వెళ్ళి ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, ఈ నివేదిక కాపీలు తెచ్చుకుని లాయరును కలవండి. ఇంకొకటి. లారీ ఓనరు తరఫున పెద్దమనుషులు వచ్చి పాతిక వేలో యాభై వేలో చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. దినకార్యాల ఖర్చుకు ఎంత ఇబ్బందిగా ఉన్నా పెట్టకండి.

ఇక మీరు అడిగింది.

తెల్ల సైకిల్ 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఊళ్ళో మొదలైంది. పాట్రిక్ వాన్ డెర్ ట్యూయిన్ అనే ఆయన కళ్ళముందే ఒక కారు సైకిల్ మనిషిని గుద్దింది. ఆయన ఒక పాత సైకిల్‌కి తెల్లరంగు వేసి, "ఇక్కడ సైకిల్ మనిషిని బండి గుద్దింది" అనే అర్థంలో బోర్డు రాసి అక్కడ నిలబెట్టాడు. దాన్ని చూసి బండ్లవాళ్ళు నెమ్మదిస్తున్నారని అనిపించి, స్నేహితులతో కలిసి ఇంకొన్ని చోట్ల పెట్టాడు. అక్కడి నుంచి లండన్, న్యూయార్క్ అంటూ ఎన్నో ఊళ్ళకు పాకింది.

అది పరాయిదేశపు అలవాటు కదా, మనకెందుకు అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఒకటి గుర్తు చేయండి. పోయిన మనిషి పేరున రాయి నిలబెట్టడం మనకు కొత్త కాదు. తెలుగు ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులు ఉన్నాయి. మన పక్కనే గజపతి, రాయగడ కొండల్లో సవరలు గువార్ అనే కర్మ చేసి, పోయినవారి పేరున నిలువు రాళ్ళు పాతుతారు. ఆ రాళ్ళ గుంపు దగ్గర ఒకసారి నిలబడి చూడండి, పేరు రాయకపోయినా ఏ రాయి ఎవరిదో ఊరివాళ్ళు చెప్పగలరు. తెల్ల సైకిల్‌కీ అలాంటి ఊరు వెనకాల ఉండాలి. అది లేకపోతే మిగిలేది రంగు వేసిన ఇనుమే.

పర్మిషన్ సంగతి. రోడ్డు స్థలంలో పెట్టాలంటే దాదాపు కుదరదు. జాతీయ రహదారి భూమిలో అనుమతి లేకుండా ఏది పెట్టినా 2002 నాటి రహదారుల భూమి నియంత్రణ చట్టం కింద తీసేయవచ్చు. పైగా 2013 జనవరి 18న సుప్రీంకోర్టు, రోడ్ల మీదా ఫుట్‌పాత్‌ల మీదా విగ్రహాలకూ కట్టడాలకూ రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని ఉత్తర్వు వేసింది. ఇంజనీరుగా చెప్పాలంటే ఆ ఉత్తర్వు మంచిదే. మా మొదటి సైకిల్‌ని తెలిసీ తెలియక హైవే అంచున ఉండే ఇనుప కంచెకు గొలుసుతో కట్టాం. నెల లోపే మెయింటెనెన్స్ వాళ్ళు కోసి తీసుకెళ్ళారు. కుటుంబం ఎంతో బాధపడింది. కానీ తప్పు మాదే. అదుపు తప్పిన ఒక మోటార్ సైకిల్ వచ్చి దానికి కొట్టుకుంటే, పోయినవాడి గుర్తు ఇంకొకడి ప్రాణం తీసేది.

అందుకని హైవే హద్దు రాయి దాటి, ప్రైవేటు స్థలంలో పెట్టండి. పొలం గట్టు, టీ హోటల్ పక్క గోడ, స్కూలు కాంపౌండు లోపల, ఏదైనా సరే. స్థలం ఓనరు దగ్గర ఒక కాగితం మీద ఒప్పుకోలు రాయించుకోండి. గ్రామ పంచాయతీకీ, పోలీస్ స్టేషన్‌కీ ఒక్కో కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి. దాన్ని చిన్న గుడిగా మాత్రం మార్చనివ్వకండి. మన దారుల్లో ఎక్కడ మనిషి పోతే అక్కడ ఒక రాయి, దానికి బొట్టు, ఏడాదికి రేకుల షెడ్డు, ఆ తరువాత హుండీ వస్తాయి. భక్తిని నేను తప్పుపట్టను. కానీ లారీలు అక్కడ ఆగి చిల్లర వేసి కదలడం మొదలైతే, మలుపు దగ్గర ఆగిన ప్రతి లారీ వెనకాల వచ్చే సైకిల్‌కి గండమే.

సైకిల్ తయారీ కష్టమేమీ కాదు. మీ చిన్నాన్నగారి సైకిల్ వాడకండి. కేసు నడుస్తున్నంత కాలం అది సాక్ష్యం, కోర్టు చెప్పకుండా చేతికి రాదు. పాత ఇనుప సామాను కొట్టులో తుక్కుకు వచ్చిన సైకిల్ తీసుకోండి. చైను, బ్రేకు తీగలు, సీటు తీసేయండి. తొక్కడానికి పనికిరాదని చూడగానే తెలిస్తే ఎవరూ ఎత్తుకెళ్ళరు. ముందు గరుకు కాగితంతో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పూత వేసి, అది బాగా ఆరాక తెల్ల ఎనామిల్ రెండు పూతలు వేయాలి. ఈ సముద్రపు గాలికి ప్రైమర్ లేని రంగు ఒక్క వర్షాకాలం కూడా నిలవదు. ఏడాదికి ఒకసారి మళ్ళీ వేయాలి. ఆ పని ఎవరిదో ఇప్పుడే పేరు పెట్టి అనుకోండి. మేము రెండో సైకిల్‌ని తీసేసింది ఇందుకే. మూడేళ్ళకు తుప్పు పట్టి, ఒక చక్రం ఊడి, దాని చుట్టూ చెత్త చేరింది. పోయినవాళ్ళకు అంతకంటే అగౌరవం లేదు.

మూడో సైకిల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఛత్రపురం వైపు ఒక చేపల ఆయన, మన నూలియా తెలుగువాళ్ళే, తెల్లవారుజామున రేవు నుంచి సైకిల్ మీద చేపలు తెచ్చి ఊళ్ళమ్మట అమ్మేవాడు. నాలుగున్నర దాటి ఉంటుంది, వెనక నుంచి లారీ గుద్దింది. తుక్కు సైకిల్ తెచ్చి అంతా ఊడదీస్తుంటే ఆయన భార్య వచ్చి, క్యారియర్ మాత్రం తీయొద్దంది. ఇంటి నుంచి పాత ట్యూబు కోసి చేసిన రెండు రబ్బరు పట్టీలు తెచ్చి, చేపల బుట్ట కట్టే పద్ధతిలోనే, అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి, తనే బిగించి కట్టింది. వాటి మీద ఎనామిల్ పట్టలేదు. రెండు నెలల్లో పెచ్చులుగా రాలిపోయి పట్టీలు నల్లగా బయటపడ్డాయి. మళ్ళీ వేద్దామా అని అడిగితే, అలాగే ఉండనీ బాబూ అంది. తెల్లటి సైకిల్ మీద ఆ రెండు నల్ల పట్టీలు చూసి, అది చేపల సైకిల్ అని ఆ దారిన పోయే ప్రతివాడికీ తెలుస్తుంది.

బోర్డు మీద తక్కువ రాయండి. పేరు కుటుంబం ఒప్పుకుంటేనే. ఏం పని చేసేవారు, తేదీ, ఎన్ని గంటలకు, ఎటు నుంచి ఎటు వెళ్తుండగా. ఒడియాలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస, లారీలు ఉత్తరాది నుంచీ వస్తాయి కాబట్టి హిందీలో ఒక వరుస. లారీ నంబరు, డ్రైవరు పేరు, హంతకుడు లాంటి మాటలు వద్దు. కేసు తేలలేదు, ఆ రాతే రేపు మీ మీదకు తిరగవచ్చు. కింద 112, 108, హైవే సాయం 1033 నంబర్లు రాయించండి. "గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన మనిషిని పోలీసులు బలవంతంగా సాక్షిని చేయకూడదు" అని కూడా ఒక వరుస ఉండాలి. 2019 సవరణలో 134ఎ సెక్షన్ అందుకోసమే వచ్చింది. ఆ చేపల ఆయన చుట్టూ జనం మూగారట గానీ, కేసులో ఇరుక్కుంటామన్న భయంతో ఎవరూ ఎత్తలేదు. అంబులెన్సు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఈ వరుస లేకుండా నేను ఏ బోర్డూ రాయించడం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఎవరైనా మారతారా అని. కెనడాలోని కాల్గరీలో పరిశోధకులు కూడళ్ళ దగ్గర స్మారకాల్లాంటివి పెట్టి చూస్తే, ఎర్రలైటు దాటేసే బండ్లు తగ్గాయి. పెద్ద హైవే పక్కన పెట్టినప్పుడు వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా అనుభవమూ అదే. గంటకు 80 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీద పెట్టేసరికే 55 మీటర్లు అయిపోతాయని మేము రోడ్డు డిజైను చేసేటప్పుడు లెక్క కడతాం. పూర్తిగా ఆగడానికి 120 మీటర్లు కావాలి. ఆ వేగంలో హద్దు రాయి అవతల ఉన్న తెల్ల సైకిల్ ఎవరి కంటికి ఆనుతుంది?

కాబట్టి లారీ డ్రైవరు చూసి మారతాడన్న ఆశతో పెట్టకండి, నిరాశపడతారు. ఆ చోటుని ఆఫీసుల్లో ఎవరూ మర్చిపోకుండా ఉండడానికి పెట్టండి. రోడ్డు మీద రక్తం మరకను మర్నాటికే ట్రాఫిక్ చెరిపేస్తుంది. ఫైలు మూడో వారానికి అడుగున పడుతుంది. తెల్ల సైకిల్ మాత్రం, తనిఖీకి వచ్చిన ప్రతి ఇంజనీరూ జీపు దిగగానే "ఇదేమిటి" అని అడిగేలా చేస్తుంది. నేనే ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. లెక్కల్లో ఒక చావు కనబడదు. మన దేశంలో ఒక చోటుని బ్లాక్ స్పాట్, అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటు, అని గుర్తించాలంటే, సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్ళలో ప్రాణం పోయినవో తీవ్ర గాయాలైనవో ఐదు ప్రమాదాలు గానీ, పది చావులు గానీ ఉండాలి. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో సైకిళ్ళ మీద పోయినవాళ్ళు నూటికి సుమారు ముగ్గురు. ఆ ముగ్గురి కోసం ఎవరూ ప్లాను గీయరు. కానీ మన గంజాంలో తెల్లవారుజామున హైవే అంచున ఎవరుంటారో చూడండి: చేపల బుట్టలవాళ్ళు, మొగలిపూలు కోసి అత్తరు బట్టీలకు తీసుకెళ్ళేవాళ్ళు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్‌లు, సర్కారు ఇచ్చిన సైకిళ్ళ మీద ట్యూషన్‌కి పోయే తొమ్మిదో తరగతి పిల్లలు.

ఛత్రపురం వైపు మేము చేసింది చెప్తాను, మీరూ ఇదే చేయండి. సైకిల్ పెట్టిన వారం తరువాత నలుగురం కలిసి వరుసగా మూడు తెల్లవారుజాములు అక్కడ కూర్చుని, ఏ సైకిల్ ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ రోడ్డు దాటుతోంది అని పుస్తకంలో గీతలు పెట్టాం. సగానికి పైగా రాంగ్ సైడ్‌లో వస్తున్నాయి. బయటివాళ్ళు చూస్తే వీళ్ళకు బుద్ధి లేదంటారు. కానీ డివైడర్‌లో దాటే చోటు చాలా దూరం. హైవే కింద నుంచి పోయే చిన్న దారి వానాకాలం మోకాలి లోతు నీళ్ళు. బుట్టతో ఉన్న మనిషి అంత దూరం తొక్కి, మళ్ళీ అంత వెనక్కి రాడు. ఇంకో సంగతి అక్కడి ధాబాలో ఒక ఆంధ్రా లారీ డ్రైవరు చెప్పాడు. "మాకు సైకిల్ కనపడక కాదండీ, ధాబా ముందు రోడ్డంచున ఆగి ఉన్న లారీని తప్పించుకుని సైకిల్ ఒక్కసారిగా మా ముందుకొస్తుంది. అప్పుడు చూసినా ఏం లాభం" అన్నాడు. ఆ చేపల ఆయన పోయిందీ సరిగ్గా అలాగే. ఆగి ఉన్న లారీకి వెనక రిఫ్లెక్టర్ లేదు, లైటు లేదు.

అదంతా రెండు పేజీల్లో రాసి, ఫొటోలు పెట్టి, సమాచార హక్కు కింద స్టేషన్ నుంచి మూడేళ్ళ ప్రమాదాల లిస్టు తీసి జతచేసి, కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఇచ్చాం. హైవే ఆఫీసుకి ఇంకో కాపీ. దాదాపు ఏడాదిన్నర తిరిగాం. చివరికి రెండు లైటు స్తంభాలు వచ్చాయి, ధాబా ముందు లారీలు ఆగకుండా రాళ్ళు పాతారు, కింది దారి కాలవ పూడిక తీశారు. డివైడర్ సంగతి ఇంకా తేలలేదు, అడుగుతూనే ఉన్నాం. మీరు అర్జీ రాసేటప్పుడు మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ ఉందని ఒక వాక్యం రాయండి. రోడ్డు డిజైను, కట్టడం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం చేయక మనిషి పోతే కాంట్రాక్టరుకూ, డిజైను చేసినవాళ్ళకూ, రోడ్డు చూసుకోవాల్సినవాళ్ళకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. పెద్ద మొత్తం కాదు. కానీ ఆ సెక్షన్ నంబరు ఉన్న కాగితానికి జవాబు త్వరగా వస్తుంది.

నెదర్లాండ్స్ సైకిళ్ళ దేశమని అందరూ పొగుడుతారు. అక్కడ 1971లో మూడు వేలకు పైగా మనుషులు రోడ్ల మీద పోయారు, వాళ్ళలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు "పిల్లల హత్యలు ఆపండి" అంటూ వీధుల్లో కూర్చున్నాకే సైకిల్ దారులు పెద్దఎత్తున వచ్చాయి. మీ కుటుంబం వెళ్ళి అడగడం ఎవరినో ఇబ్బంది పెట్టడం అనుకోకండి. అడిగినచోటే పని జరిగింది.

సైకిల్ నిలబెట్టే రోజు ఉపన్యాసాలు పెట్టొద్దు. రిఫ్లెక్టర్ టేపు చుట్టలు కొని తెచ్చి, వచ్చిన ప్రతి సైకిల్‌కీ అక్కడే అంటించండి. వెనక మడ్‌గార్డ్ మీద ఎరుపు, ముందు తెలుపు, పెడళ్ళకు పసుపు. పెడల్ మీద టేపు పైకీ కిందకీ ఆడుతూ మెరుస్తుంది కాబట్టి దూరం నుంచే సైకిల్ అని పోల్చుకోవచ్చు. చేపల బుట్టలు, పూల మూటలు వెనక రిఫ్లెక్టర్‌ను కప్పేస్తాయి. అందుకని వాటి మీద కూడా అంటించాలి. ధాబాకి వెళ్ళి ఆగి ఉన్న లారీల వెనక కూడా అంటించండి. డ్రైవర్లు కాదనరు, వాళ్ళ భయమూ అదే. ప్రతి ఏడూ నవంబరు మూడో ఆదివారం రోడ్డు ప్రమాదాల్లో పోయినవారి స్మృతి దినం. ఐక్యరాజ్యసమితి 2005లో దాన్ని ప్రపంచమంతటికీ ప్రకటించింది. మనకు అది కార్తీకానికి అటూ ఇటూగా వస్తుంది. ఆ సాయంత్రం అక్కడ దీపాలు పెట్టి, టేపు ఊడిపోయినవాళ్ళకు మళ్ళీ అంటించండి.

చివరగా మీ చిన్నమ్మగారి మాట. ఆవిడ వద్దంటే ఇప్పుడు పెట్టకండి. నచ్చజెప్పడానికి మనుషుల్ని పంపకండి, నాలాంటివాణ్ణి కూడా. రోజూ బజారుకి ఆ దారినే పోవాల్సింది ఆవిడ. సంవత్సరీకం అయ్యాక ఒకసారి అడగండి. అప్పుడూ వద్దంటే అదే ఆఖరు. ఈలోపు లెక్క రాసుకోవడం, అర్జీ, టేపు, ఇవేవీ ఆగనక్కర్లేదు. వాటికి ఆయన పేరు కూడా అవసరం లేదు. ఈ వారంలో ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి ఆ చోటుకి వెళ్ళి రెండు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, లైట్లు, డివైడర్, ఆగి ఉన్న బండ్లు కనబడేలా. రోడ్డు దిగి, గట్టు మీద నిలబడి తీయండి. అర్జీ నేను రాసిపెడతాను.